వాన లెక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మెట్ట చేలకు వానే ఆధారం. ఒక వాన పడి పదునైతే వేరుశనగ విత్తుతారు. తర్వాత వాన రాకపోతే విత్తనం పోతుంది. అప్పు మిగులుతుంది.

పుంగనూరు దగ్గర ఒక పల్లె.

"నేల పదునైంది. రేపే విత్తుదాం" అంది అత్త.

"వారం దాకా మళ్ళీ వాన లేదని రేడియోలో చెప్పినారు అత్తా" అంది కోడలు.

"వాళ్ళకెట్లా తెలుసు?"

"లెక్క కట్టినారు."

ఏమిటా లెక్క? చుక్కల ముగ్గు వేసినట్టు ఆకాశంలో గాలిని గళ్ళుగా విడదీస్తారు. కొలతలను బట్టి ఒక్కొక్క గడిలో గాలి వేగం, వేడి, తేమ ఎంతో అంకెలు వేస్తారు. ఈ గడి గాలి పక్క గడికి పోతే ఏమవుతుంది? కంప్యూటరు లెక్క కడుతుంది. తుఫాను దారి కూడా ఇట్లాగే తెలుసుకుంటారు. 2025లో మన దేశం ఈ గడిని 12 కిలోమీటర్ల నుంచి 6 కిలోమీటర్లకు తగ్గించింది. గడి చిన్నదైతే లెక్క మెరుగవుతుంది.

"లెక్క తప్పితే?" అంది అత్త.

"తప్పొచ్చు. ఒకే గడిలో మన ఊరూ, పక్క ఊరూ ఉంటాయి. అక్కడ కురిసి ఇక్కడ కురవకపోవచ్చు."

అత్త ఆలోచించింది. "అయితే సగం చేనే విత్తుదాం. సగం విత్తనం దాచుదాం" అంది.

మీరైతే ఏం చేస్తారు? కలిసి మాట్లాడుకోండి.