నచికేతుడు ఆవుల్ని చూశాడు



ఈ వారం వీడియోలో నచికేతుడి కథ చెప్పుకున్నాం కదా. యముడి సంభాషణకు వెళ్లాలనే తొందరలో మొదటి ఘట్టాన్ని రెండు మాటల్లో దాటేశాను. నిజానికి నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన భాగం అదే. ఈరోజు దాని గురించే.

కఠోపనిషత్తు కృష్ణ యజుర్వేదానికి చెందినది. అందులో వాజశ్రవసుడు ఫలం కోరి, ఉన్నదంతా దానం చేసే యజ్ఞం చేస్తాడు. దక్షిణగా ఆవుల్ని తోలుకొస్తున్నారు. ఎలాంటి ఆవులు? నీళ్లు తాగడం, గడ్డి మేయడం అయిపోయినవి, పాలు ఎండిపోయినవి, ఇక ఈనలేనివి. పుణ్యం ఇచ్చినవాడికి, మేపే భారం తీసుకున్నవాడికి!

కొడుకు అది చూశాడు. అప్పుడు అతనిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతుంది. గమనించారా? తండ్రిని ప్రశ్నించబోతున్న పిల్లవాడి గురించి ఆ మాట! యజ్ఞం ఉత్త తంతు అనుకునేవాడికి ఏ ఆవులైతే ఏంటి? దాన్ని నిజమని నమ్మినవాడికే గుచ్చుకుంటుంది. అందుకే తనను ఎవరికిస్తావని తండ్రిని మళ్లీ మళ్లీ అడిగాడు. మూడోసారికి తండ్రికి కోపం వచ్చి, మృత్యువుకిస్తానన్నాడు.

ఇప్పుడు నా సంగతి. పోయిన దీపావళికి ఇల్లు సర్దుతూ రెండు సంచుల పాత బట్టలు ఒక ఆశ్రమానికి ఇచ్చాను. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది: "ఆ జిప్పు పోయిన ప్యాంటు కూడా ఇచ్చేశావా? దాన్ని వాళ్లేం చేసుకుంటారు రా?" నా దగ్గర సమాధానం లేదు. అవి నా ముసలి ఆవులు.

ఆ తర్వాత ఇంకో గోతిలో పడ్డాను. నేను చేసేదంతా పేరు కోసమేనా? అసలు నాకు దేవుడి మీద నమ్మకం ఉందా? మనసు శుభ్రపడ్డాక ఇద్దాంలే అనుకుని కొన్ని నెలలు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. వినడానికి వైరాగ్యంలా ఉంది కానీ, అది పిసినారితనమే. నా మనసు శుద్ధయ్యేదాకా అక్కడి పిల్లలకు చలి ఆగదు కదా.

మళ్లీ కథ చదివితే ఒకటి అర్థమైంది. తండ్రి మనసులో ఏముందో నచికేతుడు తవ్వలేదు, ఆవుల్ని చూశాడు. మన ఉద్దేశం మనకే సరిగ్గా కనబడదు. చేతిలో ఉన్న ఆవు మాత్రం కనబడుతుంది.

మరి కోరికతో చేస్తే తప్పా? గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు నలుగురు భక్తుల్ని చెబుతాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. జ్ఞాని తనకు ఎక్కువ ఇష్టమంటూనే, నలుగురూ ఉదారులే అంటాడు. ఏదో అడగడానికి వచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర ఆపలేదు.

సందేహించినవాణ్ణీ ఆపలేదు. మరణం తర్వాత మనిషి ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటారు, ఏది నిజమని నచికేతుడు అడిగితే యముడు కోప్పడలేదు. దేవతలకూ ఈ సందేహం ఉండేదన్నాడు. సంపదలు, దీర్ఘాయువు ఇస్తానన్నా పిల్లవాడు ప్రశ్న వదల్లేదు. చివరికి, ఇలా అడిగేవాళ్లే మాకు దొరకాలని యముడే కోరుకున్నాడు.

కాబట్టి ఈ వారం సాధన ఒక్కటే. ఏదైనా ఇచ్చే ముందు, ఇదే నాకిస్తే సంతోషంగా తీసుకుంటానా అని అడుక్కోండి.

నేనైతే ఈసారి ఆశ్రమానికి ముందే ఫోన్ చేసి, ఏం కావాలో అడిగాను. దుప్పట్లు అన్నారు. కొని ఇచ్చేటప్పుడు ఫొటో తీద్దామని చెయ్యి లాగింది, తీయలేదు. అది ఇక్కడ మీకు చెబుతున్నానంటే ఆ కోరిక ఇంకా పూర్తిగా పోలేదన్నమాట! పోనీండి, దుప్పట్లు మాత్రం కొత్తవే.

శుభం. వచ్చే వారం కలుద్దాం.