కర్ర దుమ్ము – మిషన్ హోరు

ఆలమూరులో మా ఇంటి ద్వారబంధాలు చేసిన వడ్రంగి బాబాయి, ఇప్పుడు ఏది చెప్పినా "గట్టిగా చెప్పబ్బాయ్" అంటున్నాడు. పైగా తెల్లవారుజామున దగ్గు. ఉలి, చిత్రికల చోట రూటర్ బల్ల వచ్చిన తర్వాతే ఇదంతా. బల్ల కింద బిగించిన ఆ మిషన్ నిమిషానికి 10,000 నుండి 20,000 పైచిలుకు చుట్లు తిరుగుతూ కర్రకు గాడి తీస్తుంది.

కళ్లంలో తూర్పారబట్టడం రైతుబిడ్డలకు తెలిసిందే. గింజ దగ్గర పడుతుంది, తాలు దూరం పోతుంది. ఇక్కడా అంతే. ముతక పొట్టు కాళ్ల దగ్గర రాలుతుంది. ఒకటి రెండు మైక్రాన్ల దుమ్ము మాత్రం గంటల తరబడి గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కులో కేన్సర్ తెచ్చే పదార్థాల్లో కర్ర దుమ్ము ఒకటని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది.

కనుక దుమ్మును పుట్టిన చోటే పట్టాలి. బ్లేడు వెనుక ఒక చెక్కపెట్టె, బల్ల కింద మరొకటి అమర్చి, వాటి నుండి వాక్యూమ్ మిషన్‌కు గొట్టం కలపాలి. కింది పెట్టెకు గాలి లోపలికి వచ్చే కంత ఉండాలి. లేకుంటే గొట్టం ఏమీ లాగదు, మోటారూ వేడెక్కుతుంది. మాస్కు వీటికి తోడే గాని బదులు కాదు. చీపురు వద్దు, పడుకున్న దుమ్మును లేపుతుంది.

ఇక మోత. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు. 85 దగ్గర 8 గంటలు పని చేయవచ్చనుకుంటే, 88 దగ్గర 4 గంటలే. పదునైన బ్లేడు, పెద్ద బ్లేడుకు తక్కువ వేగం, ఒకేసారి లోతుగా కాక రెండు మూడు కోతలు, మిషన్ బల్ల కాళ్ల కింద రబ్బరు, చెవులకు బిరడాలు - ఖర్చు స్వల్పం.

బాబాయికి పోయిన వినికిడి తిరిగి రాదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడి చెవులైనా దక్కాలి కదా!