దీపాల ఆట – ధారణకు ఒక పరీక్ష



అష్టావధాన సభను చూచిన వారికి ఘంటాగణనం గుర్తుండే ఉంటుంది. ఒకవైపు పృచ్ఛకులు సమస్యను, దత్తపదిని, నిషిద్ధాక్షరిని ఇచ్చి అవధానికి ఊపిరి సలుపనీయరు. మరొకవైపు ఒకరు తమకు తోచిన సమయాల్లో గంట కొట్టుచుందురు. సభ ముగిసే వేళకు ఎన్ని గంటలు మోగినవో అవధాని తప్పు లేకుండా చెప్పవలెను. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ప్రచారంలోకి తెచ్చిన ఈ విద్యకు ధారణయే ప్రాణం.

అటువంటి ధారణనే చిన్న ఎత్తున పరీక్షించే ఆట ఒకటి కలదు. నాలుగు రంగుల దీపాలు, నాలుగు మీటలు, ఒక చిన్న బజర్ – ఇదే దాని సామగ్రి. యంత్రం ఒక దీపాన్ని వెలిగించి, ఒక స్వరం పలికిస్తుంది. ఆటగాడు ఆ దీపం మీటను నొక్కవలెను. సరియైనచో యంత్రం పాత దీపానికి మరొక దీపం చేర్చి చూపుతుంది. ఇట్లు వరుస ఒక్కొక్కటిగా పెరుగుచుండును. తప్పిన నాడు ఆట ముగియును.

ఈ ఆటను మేము తయారు చేసి, మానేరు తీరాన ఉన్న గంభీరావుపేటలో కొందరు బడిపిల్లల ముందు ఉంచినాము. తయారు చేయుటలో నేర్చినది కొంత. పిల్లలు ఆడుచుండగా నేర్చినది అంతకంటె ఎక్కువ. రెండింటినీ ఇక్కడ మీతో పంచుకొనదలచినాము.

ఆట పుట్టుక

1974లో అమెరికాలోని అటారీ సంస్థ 'టచ్ మీ' అనే ఆటయంత్రాన్ని విడుదల చేసినది. దానిని చూచిన రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరుకు ఆలోచన నచ్చినది గాని, అది చేసే శబ్దాలు నచ్చలేదు. ఆయన హోవర్డ్ మోరిసన్‌తో కలిసి కొత్త ఆటను రూపొందించినాడు. లెన్నీ కోప్ దానికి ప్రోగ్రామ్ వ్రాసినాడు. 1978లో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ దానిని 'సైమన్' అను పేరుతో అమ్మకానికి తెచ్చినది. ఏ వరుసలో పలికించినను చెవికి ఇంపుగా ఉండే నాలుగు స్వరాల కోసం వెదకి, బేర్ సైనికుల బ్యూగిల్ స్వరాలను ఎన్నుకొన్నాడు.

ఆ యంత్రానికి మెదడుగా పనిచేసినది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఎం.ఎస్. 1000 చిప్. ఆట నడుచునప్పుడు వ్రాసుకొనుటకు దానిలో ఉన్నవి 64 గళ్లు మాత్రమే. ఒక్కొక్క గడిలో 4 బిట్లు. అనగా మొత్తం 256 బిట్లు. నేడు మనం వాడే ఆర్డుయినో ఉనో పలక మీది ఏటిమెగా 328 చిప్‌లో 2048 బైట్లు, అనగా 16,384 బిట్లు ఉన్నవి. ఇది అప్పటి దానికి సరిగ్గా 64 రెట్లు. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసమే పుట్టినది. కావున ఒకప్పుడు పెద్ద సంస్థలు చేసిన పని నేడు ఇంటర్మీడియట్ విద్యార్థి చేతికి అందినది.

యంత్రానికి జ్ఞాపకం ఎట్లు?

'యంత్రం గుర్తుంచుకొనుట ఏమిటి?' అని మిత్రులు అడుగవచ్చును. సిరిసిల్ల ప్రాంతం వారికి దీని జవాబు మగ్గం మీదనే కనబడును. డాబీ అమర్చిన మగ్గాన్ని గమనించండి. పట్టీల మీద కొన్నిచోట్ల పెగ్గు ఉండును, కొన్నిచోట్ల ఉండదు. పెగ్గును బట్టి ఏ పోగులు పైకి లేవవలెనో నిర్ణయమగును. అంచు మీది పువ్వు ఎట్లుండునో ఆ పెగ్గుకు తెలియదు. అయినను వరుస తప్పక పట్టీ తిరుగుచున్నంతకాలం పువ్వు పడుచునే ఉండును. 1804లో ఫ్రాన్సు దేశీయుడైన జకార్డ్ చిల్లులు పొడిచిన అట్టలతో చేసినది కూడ ఈ పనియే. యంత్రపు జ్ఞాపకమనగా అర్థం తెలియకుండ వరుసను దాచుటయే.

మన ఆటలో నాలుగు దీపాలకు 0, 1, 2, 3 అను అంకెలు ఇత్తుము. 'ఎరుపు, నీలం, నీలం, పసుపు' అనునది '0, 2, 2, 3' అగును. ఒక అడుగుకు ఒక బైటు చొప్పున కేటాయించినను 100 అడుగుల ఆటకు 100 బైట్లు చాలును.

అమరిక

కావలసినవి: ఒక ఆర్డుయినో ఉనో పలక, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు ఎల్.ఇ.డి. దీపాలు, 220 ఓముల నిరోధకాలు నాలుగు, నొక్కుడు మీటలు నాలుగు, తనంతట తాను మోగని రకపు పీజో బజర్ ఒకటి, బ్రెడ్‌బోర్డు, తీగలు.

దీపాలను 2, 3, 4, 5 పిన్నులకు నిరోధకం ద్వారా కలుపవలెను. దీపపు పొడవు కాలు పిన్ను వైపు, పొట్టి కాలు గ్రౌండు వైపు ఉండవలెను. నిరోధకం ఎందుకనగా, ఎర్రదీపం దాదాపు 2 వోల్టులు తీసికొనును. పలక ఇచ్చు 5 వోల్టులలో మిగిలిన 3 వోల్టులను 220 ఓములచే భాగించినచో సుమారు 13.6 మిల్లీ ఆంపియర్లు వచ్చును. పిన్నుకు గాని దీపానికి గాని ఇది అపాయం కాదు. నిరోధకం లేనిచో రెండింటికిని ముప్పే. తరగతిలో కంఠస్థం చేసిన ఓమ్ నియమం ఇక్కడ ఒక దీపం ప్రాణం కాపాడును.

మీటలను 8, 9, 10, 11 పిన్నులకు, రెండవ కొసలను గ్రౌండుకు కలుపవలెను. చిప్ లోపలనే ఉన్న పుల్‌అప్ నిరోధకాలను ప్రోగ్రామ్‌లో వాడుకొన్నచో వేరే నిరోధకాలు అక్కరలేదు. అప్పుడు మీట వదలి ఉన్నప్పుడు 1, నొక్కినప్పుడు 0 అని చిప్ చదువును. ఈ తలక్రిందుల లెక్కను మరువరాదు. బజర్‌ను 7వ పిన్నుకు కలుపవలెను.

స్వరాలకు మేము షడ్జమం, గాంధారం, పంచమం, పై షడ్జమం ఎన్నుకొన్నాము. సెకనుకు 264, 330, 396, 528 కంపనాలు. ఇవి 4:5:6:8 నిష్పత్తిలో ఉండుటచే ఏది ముందు పలికినను అపస్వరం కాదు. రంగులు గుర్తించుట కష్టమైన వారు కూడ స్వరాన్ని బట్టి ఆడగలరు.

ప్రోగ్రామ్ నడక ఇట్లుండును: మొదట 0 నుండి 3 వరకు ఒక అంకెను యాదృచ్ఛికంగా ఎన్నుకొని పట్టిక చివర చేర్చవలెను. తరువాత పట్టికను మొదటి నుండి చివరి దాక దీపాలతో, స్వరాలతో చూపవలెను. పిమ్మట ఆటగాడి ఒక్కొక్క నొక్కును పట్టికలోని అంకెతో పోల్చవలెను. అన్నియు కుదిరినచో తిరిగి మొదటి పని. ఒక్కటి తప్పినను ఆట సమాప్తం.

పరీక్షకుని తప్పులు

ఇంతవరకు పుస్తకంలో ఉన్నట్లే జరిగినది. గంభీరావుపేటలో పిల్లలు ఆడుట మొదలుపెట్టిన పిదప రెండు వింతలు కనబడినవి.

మొదటిది: సరిగ్గా నొక్కిన పిల్లలను కూడ యంత్రం తప్పు అన్నది. పాపం, వారు తమదే పొరపాటు అనుకొని తలవంచుకొని ప్రక్కకు జరిగిపోయినారు. ఒక బాలిక 'నాకు యాది ఉండది సార్' అని మళ్ళీ ఆడుటకు రాలేదు. మేమును మొదట పిల్లల ధారణనే శంకించినాము. ఇంతలో ఒక అబ్బాయి వచ్చి, 'సార్, ఎర్రది రెండుసార్లు వెలిగింది. నేను ఒక్కసారే ఒత్తిన. అయినా ఒప్పుకున్నది' అన్నాడు.

ఆ ఒక్క మాటతో గుట్టు తెలిసినది. మీటలోని లోహపు రేకులు కలిసేటప్పుడు ఒక్కసారిగా కలియవు. కొన్ని మిల్లీ సెకన్లపాటు తాకుచు, విడుచు ఎగిరిపడును. మన కంటికి ఒక నొక్కు. సెకనుకు కోటీ అరవై లక్షల గడియార స్పందనలతో నడిచే చిప్‌కు అవి రెండు, మూడు నొక్కులు. వరుస 'ఎరుపు, నీలం' అయినచో రెండవ దొంగ నొక్కును నీలంతో పోల్చి తప్పు అన్నది. 'ఎరుపు, ఎరుపు' అయినచో ఒక్క నొక్కునే రెండుగా ఒప్పుకొన్నది. పరిష్కారం సులభం: మార్పు కనబడగానే 20 మిల్లీ సెకన్లు ఆగి మరల చూడవలెను. నిలకడగా ఉన్నచో మాత్రమే నొక్కుగా లెక్కించవలెను. మీట వదలిన తరువాతనే, అదియు నిలకడగా వదలిన తరువాతనే, రెండవ నొక్కుకు అవకాశమీయవలెను.

రెండవది దీనికి సరిగ్గా ఎదురు. ఒక అబ్బాయి ఎవరికిని సాధ్యం కాని పొడవైన వరుసలు చెప్పి అందరినీ ఆశ్చర్యపరచినాడు. కాని తన వంతు రాగానే అతడు యంత్రపు తీగ ఊడదీసి మరల పెట్టుచుండెను! కారణమేమనగా, చిప్ తనంతట తాను ఇచ్చు యాదృచ్ఛిక సంఖ్యలు నిజమైన యాదృచ్ఛికాలు కావు. అవి ఒక సూత్రం ప్రకారం పుట్టును. విద్యుత్తు పోయి వచ్చిన ప్రతిసారీ అదే మొదలు, అదే వరుస. ఆ అబ్బాయి వరుసను ఒకసారి కంఠస్థం చేసి వాడుకొన్నాడు. ప్రతి సంవత్సరం ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్లు! అందుకని ఆట మొదలుపెట్టు మీటను మనిషి నొక్కిన క్షణాన్ని మైక్రోసెకన్లలో కొలిచి, ఆ సంఖ్యను విత్తనంగా ఇచ్చినాము. మనిషి వ్రేలు ఏ మైక్రోసెకనులో పడునో ఎవరును చెప్పలేరు. అటుపై వరుస మారిపోయినది. ఊహించి గెలుచుట కూడ కల్ల: పది అడుగుల వరుసలు 10,48,576 రకాలుగా ఉండగలవు.

ముగింపు

ఇందు నేర్వవలసినది ఎలక్ట్రానిక్స్ మాత్రమే కాదని మా భావన. మేము తయారు చేసినది ఒక పరీక్షకుని. ఆ పరీక్షకుడు నిజం చెప్పిన వారిని తప్పు అన్నాడు, బట్టీ పట్టిన వానికి బహుమతి ఇచ్చినాడు. రెండు తప్పులూ యంత్రానివి కావు, మావి. 1956లో జార్జి మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనిషి అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగలవి ఏడుకు రెండు అటు ఇటు మాత్రమేనని వ్రాసినాడు. దానిని కొలువబోవు త్రాసు ముందుగా సరిగా ఉండవలెను గదా!

బాగుచేసిన ఆటను మరల తీసికొని పోయి, ఆ బాలికను వెదకి పిలిచినాము. ముందుగా, 'నీవు సరిగానే నొక్కితివి తల్లీ, తప్పు మాది' అని చెప్పినాము. ఆమె దీపాల వంక చూడక కండ్లు మూసుకొని, స్వరాలు విని, తొమ్మిది అడుగులు నడిపినది.

మిత్రులారా! మీరును ఈ ఆటను తయారు చేయండి. అది ఎవరినైనను తప్పు అన్ననాడు, మొదట తీగలను, మీటలను, ప్రోగ్రామును పరీక్షించండి. ఆ తరువాతనే ఎదుటివారి ధారణను శంకించండి.