పాత ట్రాక్టరుకు బేరం ఎక్కడ ఆడాలి? ఎక్కడ మానాలి?

పాత ట్రాక్టరు కొనే రైతు ముందుగా ధర అడగటం మామూలే. కానీ ముందు చూడాల్సింది కాగితాలు. ఆర్‌.సి.లో ఉన్న ఇంజను, ఛాసిస్‌ నంబర్లు బండి మీది నంబర్లతో సరిపోవాలి. బ్యాంకు అప్పు మీద కొన్న బండైతే అప్పు తీరినట్లు నిరభ్యంతర పత్రం, ఫారం 35 ఉండాలి. ఇవి లేని బండికి ఎంత తగ్గించినా బేరమే వద్దు. బాకీ ఉన్న బండి దుక్కుల వేళ చేజారిపోవచ్చు.

కాగితాలు సరిగా ఉంటే నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకు వెళ్లండి. ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేయించాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిల్‌ తాగుతున్నట్లే. రింగులు, లైనర్లు మార్చాల్సి రావచ్చు. నల్ల పొగ ఎయిర్‌ ఫిల్టరు మూసుకుపోయినా వస్తుంది, దానికి ఖర్చు తక్కువ. కల్టివేటరు తగిలించి ఎత్తి ఉంచండి. ఇంజను నడుస్తుండగానే జారుతుంటే హైడ్రాలిక్‌లో లోపముంది. పెద్ద టైర్ల అరుగుదల కూడా చూడాలి.

ఒక్కో మరమ్మతుకూ అయ్యే ఖర్చు కాగితం మీద రాయించి, ఆ మేరకు తగ్గించమని అడగండి. అదే అసలు బేరం. లోపం లేని బండిని చుట్టుపక్కల నడిచే ధరకే ఇస్తుంటే మాత్రం, వెయ్యి రెండు వేల కోసం పట్టుబట్టి తొలకరి ముందు వదులుకోకండి. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే మిగతా సొమ్ము ఇవ్వండి.