క్రొత్తవాని మీది భారము
(1 తిమోతి 3:6)

కొందరు మామూలు కారు ఇంజనుకు సూపర్‌చార్జరు అను యంత్రమును తగిలింతురు. అది ఇంజను బలముతోనే తిరుగుచు సిలిండర్లలోనికి గాలిని త్రోయును. వాతావరణపు ఒత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌనులు, మరి 7 పౌనులు చేరిన దాదాపు ఒకటిన్నర రెట్లగును. పెట్రోలును హెచ్చుగా అందింపవలెను. లోపలి భాగములు అందుకు తగినవి కానియెడల ఇంధనము అదుపుతప్పి మండి పిస్టన్లు పగులును. కనుక తెలిసిన మెకానిక్కు మొదట గట్టి పిస్టన్లు వేసి, తరువాతనే దానిని బిగించును.

క్రొత్తగా చేరినవాడు గర్వించి పడిపోవునని పౌలు భయపడెను. మనమో, బాప్తిస్మమైన ఏడాదికే, గొంతు బాగున్నదని, పెద్దరికము కట్టబెట్టుచున్నాము. (మెకానిక్కుకున్న ఓర్పు మనకేది?) ఈసారి పెద్దల ఎన్నికకు ముందు, అట్టివానిని ఒక సంవత్సరము వాక్యపఠనములోను రోగుల పరామర్శలోను మనవెంట నడిపింతము.