హన్నా కుట్టిన చిన్న అంగీ – మనం పంపే ఫోను

ధ్యాన భాగం: 1 సమూయేలు 2:18-21, 3:11-14, ద్వితీయోపదేశకాండము 6:6-7



జహ్రాలో మన సహవాసానికి వచ్చే ఒక సహోదరుడు ఇంటి డ్రైవరుగా పనిచేస్తున్నాడు. కుటుంబం కడప వైపు ఊరిలో ఉంది. తాను కొత్త ఫోను కొనుక్కొని, పాతది సెలవుకు వెళ్లేవారి చేతికిచ్చి పన్నెండేళ్ల కొడుక్కి పంపాడు. అందులో తన గూగుల్ ఖాతా, దానికి జతచేసిన బ్యాంకు కార్డు అలాగే ఉండిపోయాయి. రెండు వారాలకు బ్యాంకు నుండి వరుసగా మెసేజీలు వచ్చాయి. ఒక్కొక్కటి చిన్న మొత్తమే. అన్నీ కలిపితే ఆ నెల ఇంటికి పంపవలసిన డబ్బులో సగం! పిల్లవాడు ఆటలో వజ్రాలు కొన్నాడు. “బ్రదర్, మావాడు దొంగ అయిపోయాడా?” అని ఆ తండ్రి నన్ను అడిగాడు.

కాలేదు. ఆటలో రూపాయలు కనబడవు, వజ్రాలు, నాణేలే కనబడతాయి. ఖర్చు పెడుతున్నామని పెద్దవాళ్లకే తెలియకుండా చేసిన ఏర్పాటు అది. ఇక పిల్లవానికి ఏం తెలుస్తుంది? ఈ విషయంలో వాక్యం మనకు నేర్పే మూడు సంగతులు చూద్దాం.

1. ఆట పాపం కాదు, దాసత్వం పాపం

జెకర్యా 8:5లో దేవుడు యెరూషలేమును తిరిగి కట్టినప్పుడు వీధుల్లో పిల్లలు ఆడుకుంటారని వాగ్దానం ఉంది. ఆట దేవుని దీవెనలో భాగమే. అయితే దేనికీ లోబడిపోనని పౌలు అంటున్నాడు (1 కొరింథీ 6:12). 2022 నుండి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో ఆటల వ్యసనం కూడా ఉంది. దాని గుర్తులు మూడు: ఆట ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం. సాధారణంగా ఇది ఏడాదిపాటు కొనసాగితేనే వ్యసనం అంటారు. కాబట్టి సెలవుల్లో రెండు గంటలు ఆడిన బిడ్డను చూసి భయపడవద్దు.

2. అంగీ బిడ్డ కొలతకు ఉండాలి

హన్నా రామాలో ఉంది, సమూయేలు షిలోహులో ఉన్నాడు. ఏటేటా ఆమె వానికి చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేది. దూరంగా ఉన్నా, ఈ ఏడు వాడు ఎంత ఎదిగి ఉంటాడో ఆ తల్లి ఆలోచించకుండా ఉంటుందా? మనం పంపే ఫోను మాత్రం మన కొలతకే ఉంటుంది. దాన్ని బిడ్డ కొలతకు మార్చి పంపాలి.

• ముందు మీ ఖాతా తీసివేసి, తర్వాత ఫోనును రీసెట్ చేసి పంపండి.

• బిడ్డకు సరైన పుట్టిన తేదీతో వేరే ఖాతా తెరిచి, గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో సమయం, యాప్‌లు నిర్ణయించండి. తల్లిదండ్రుల ఖాతా, బిడ్డ ఖాతా ఒకే దేశానివై ఉండాలి గనుక దీన్ని ఊరిలో ఉన్న తల్లి ఫోనులో పెట్టించండి.

• ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పవద్దు.

• డబ్బు పోతే ఆలస్యం చేయక 48 గంటల లోపే ప్లే స్టోర్‌లో రీఫండ్ అడగండి. మన సహోదరుడు ఆలస్యంగా అడిగాడు, కొంతే తిరిగి వచ్చింది.

ఏటా అంగీ మారినట్టే ఈ నియమాలూ వయసుతో మారాలి. పన్నెండేళ్ల అంగీని పదహారేళ్లవానికి తొడిగితే చింపుకుంటాడు.

3. దగ్గర ఉంటే చాలదు, చట్టం ఉంటే చాలదు

ఏలీ కుమారులు ఆయన కళ్ల ముందే ఉన్నారు, అయినా ఆయన వారిని అడ్డగించలేదు. కుటుంబంతో ఇక్కడే ఉంటున్న మనకు ఇది హెచ్చరిక. పక్క గదిలో ఉన్న బిడ్డ ఏం ఆడుతున్నాడో మనకు తెలుసా? 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జూలైలో అదే తరహా ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది, అది మంచిదే. కాని బిడ్డను పెంచే పని చట్టం చేయదు.

కూర్చున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని మోషే చెప్పాడు. మనకు రాత్రి ఎనిమిదైతే ఊరిలో పదిన్నర. నిద్రమత్తులో ఉన్న బిడ్డకు “ఫోను పక్కన పెట్టు” అనే ఒక్క మాటే వినబడుతుంది. శుక్రవారం మనకు సెలవు, వానికి బడి. అందుకే ఆదివారమైనా డ్యూటీకి ముందు ఫోన్ చేయండి. “ఏ ఆట ఆడుతున్నావు? నాకు చూపించు” అని అడగండి. జట్టుగా ఆడే ఆటను మధ్యలో ఆపమంటే స్నేహితుల ముందు తలవంపు. “ఈ ఆట అయ్యాక ఆపు నాన్నా” అనండి, ఆపాడో లేదో చూడండి.

ఆ సహోదరుడు కొడుకును కొట్టించలేదు, ఫోను లాక్కోమనలేదు. “తప్పు నాది కూడా” అని వానితో చెప్పాడు. ఇప్పుడు ఆట గురించి వాడే తండ్రికి చెబుతున్నాడు.

కుటుంబ సహవాసంలో మాట్లాడుకోండి

1. మీ బిడ్డ ఆడే ఆట పేరేమిటి? ఎవరితో ఆడుతున్నాడు?

2. ఫోను విషయంలో మనమే లోబడిపోయిన సంగతి ఏదైనా ఉందా?

3. ఈ ఏడు మీ బిడ్డ అంగీ కొలత ఎంత?

ప్రార్థన: ప్రభువా, దూరంగా ఉన్న మా బిడ్డలను హన్నా ప్రేమతో, జ్ఞానముతో కాయుటకు మాకు సహాయం చేయుము. సమూయేలువలె వారు నీ సన్నిధిలో ఎదుగునట్లు దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.