లెబనాన్‌లో కుర్చీల పంపకం

ఈసారి గోడపత్రికకి లెబనాన్ దేశం గురించి రాస్తున్నాను. అట్లాసులో ఆసియా పటం తీసి పడమటి చివర, మధ్యధరా సముద్రం ఒడ్డున చూడండి. వేలు పెడితే దేశమంతా కప్పడిపోతుంది. 10,452 చదరపు కిలోమీటర్లే. కానీ ప్రభుత్వం గుర్తించిన మతశాఖలు 18! క్రైస్తవుల్లో మారొనైట్లు, ముస్లింలలో సున్నీలు, షియాలు, ఇంకా డ్రూజులు, ఇలాగ.

1932లో ఫ్రెంచివాళ్ళ పాలనలో జనాభా లెక్క తీశారు. క్రైస్తవులు కొంచెం ఎక్కువ తేలారు. 1943లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పెద్దలు నోటిమాటగా ఒప్పందం చేసుకున్నారు. ఆ ఆనవాయితీ ప్రకారం రాష్ట్రపతి మారొనైట్, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. పార్లమెంటులో క్రైస్తవులకి 6 సీట్లయితే ముస్లింలకి 5. తర్వాత ముస్లింల సంఖ్య పెరిగింది. మళ్ళీ లెక్క తీస్తే కుర్చీలు మారిపోతాయని భయం, అందుకే తియ్యలేదు. మన హాస్టల్లో రోజూ హాజరు చూసి బియ్యం కొలుస్తారు గదా. ఎప్పటిదో పాత హాజరుపట్టీ చూసి కొలిస్తే ఎలా ఉంటుంది? అలాగన్నమాట.

1975 ఏప్రిల్ 13న యుద్ధం మొదలైంది. మతం ఒక్కటే కారణం కాదు. పాలస్తీనా వాళ్ళ సాయుధ దళాలు అక్కడ ఉండేవి. 1976లో సిరియా సైన్యం, 1982లో ఇజ్రాయెల్ సైన్యం వచ్చిపడ్డాయి. చివర్లో క్రైస్తవులు క్రైస్తవులతోనే, షియాలు షియాలతోనే కొట్టుకున్నారు. రాజధాని బేరూట్ రెండు ముక్కలైంది. మధ్యలో మనుషులు తిరగక రోడ్డు మీదే చెట్లు మొలిచాయి.

నాకు ఎక్కువ భయం వేసింది గుర్తింపు కార్డు సంగతికి. దాని మీద మతం రాసి ఉండేది. దారిలో ఆపి, కార్డు చూసి చంపేసేవారు. సెలవులకి వెళ్ళినప్పుడు మా అమ్మకి ఇది చెప్పాను. అమ్మకి చదువు రాదు. "అయితే చదువొచ్చినోళ్ళేనా అలా చేసింది?" అని అడిగింది.

దౌత్యం అంటే రాయబారమే. కృష్ణుడి రాయబారం ఫలించలేదని మనకి తెలుసు. ఇక్కడ కూడా చాలా రాయబారాలు విఫలమయ్యాయి. ఆఖరికి అరబ్ లీగ్ తరపున సౌదీ అరేబియా, మొరాకో, అల్జీరియా పూనుకున్నాయి. అల్జీరియా దౌత్యవేత్త లఖ్దర్ బ్రాహిమీ అందరి దగ్గరికీ తిరిగారు. 1989లో 62 మంది లెబనాన్ ఎంపీలు సౌదీలోని తాయిఫ్ పట్నంలో కూర్చున్నారు. విచిత్రమేమిటంటే వాళ్ళు 1972లో గెలిచినవాళ్ళు, యుద్ధం వల్ల మళ్ళీ ఎన్నికలే జరగలేదు. అక్టోబరు 22న ఒప్పందం కుదిరింది. సీట్లు సగం సగం అన్నారు. కొత్త రాష్ట్రపతి రెనే మువావద్‌ని 17 రోజులకే బాంబు పెట్టి చంపారు. అయినా 1990 అక్టోబరుకి యుద్ధం ఆగింది. అప్పటికి సుమారు లక్షన్నర మంది చనిపోయారు.

తుపాకులు ఆగినాయి గానీ మతం చూసి కుర్చీ ఇవ్వడం ఆగలేదు. మెల్లమెల్లగా తీసేస్తామని తాయిఫ్‌లో రాసుకున్నారు, ఇంకా తియ్యలేదు. 1932 తర్వాత జనాభా లెక్కా తియ్యలేదు. 1991లో యుద్ధకాలపు నేరాలు చాలావాటికి క్షమాభిక్ష చట్టం చేశారు. ఇది నాకు నచ్చలేదు. ఎందుకంటే యుద్ధంలో కనబడకుండా పోయినవాళ్ళు 17 వేల మంది దాకా ఉన్నారట. వాళ్ళ తల్లులు ఫోటోలు పట్టుకుని ఏళ్ళ తరబడి బేరూట్‌లో గుడారం వేసుకుని కూర్చున్నారు. ఆ మనుషుల్ని వెతకడానికి చట్టం 2018లో వచ్చింది. అప్పటికే కొందరు తల్లులు చనిపోయారు.